‘కురిడీ’ ఎవరి మాట? నా స్పెల్‌చెకర్‌కి లైసెన్సు పెట్టిన అనుభవం

మెయిల్లో ఉన్నవి మూడే వాక్యాలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మిగతా సాఫ్ట్‌వేర్లతో కలిపి అందించే ఒక పంపిణీకి ప్యాకేజీలు కట్టే వ్యక్తి రాశాడు. ‘మీ తెలుగు స్పెల్‌చెకర్ బాగుంది. మా పంపిణీలో చేర్చాలనుకుంటున్నాం. కానీ లైసెన్స్ ఫైలు కనబడలేదు కాబట్టి చేర్చలేం.’

అప్పటికి ఆ కోడు, ప్రోగ్రామర్లు కోడు పెట్టి పంచుకునే గిట్‌హబ్ సైట్లో రెండేళ్లుగా అందరికీ కనబడేలానే ఉంది. ఎవరైనా వాడుకుంటారనేగా పెట్టింది, ఇంకా అనుమతి దేనికి అనిపించింది. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడి ఉంది వ్యవహారం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మరుక్షణమే రాసినవాడికి హక్కు వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ‘సర్వహక్కులూ రచయితవి’ అని రాయక్కర్లేదు. ఏమీ రాయకపోతే ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వనట్టే లెక్క. గిట్‌హబ్ నిబంధనల వల్ల మిగతావాళ్లు నా కోడు చూడొచ్చు, అక్కడే తమ ఖాతాలోకి ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే నకలు తీసుకోవచ్చు. అంతకుమించి ఏం చేయాలన్నా నన్ను అడగాలి. అందరికీ ఇచ్చేశానని రెండేళ్లు సంబరపడ్డాను గానీ, నిజానికి తలుపు తీసి గడప మీద కర్ర అడ్డం పెట్టినట్టు ఉంది నా ప్రాజెక్టు.

ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. ఐదు నెలలు పట్టింది.

ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పాలి. లిబ్రేఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో స్పెల్లింగులు చూసే హన్‌స్పెల్ అనే ఇంజిన్ ఉంది. దానికి రెండు ఫైళ్లు ఇవ్వాలి. ఒకటి మాటల పట్టీ, రెండోది ఆ మాటలకు ఏ ప్రత్యయాలు ఎలా తగులుతాయో చెప్పే నియమాలు. ఇంగ్లీషులో రెండో ఫైలు చిన్నది. తెలుగుకి అదే ప్రాణం. ‘చెట్టు’ అన్న ఒక్క మాటకే చెట్టుకి, చెట్టులో, చెట్లు, చెట్లకి, చెట్లలోంచి, చెట్లలోంచే... ఇలా పోతూనే ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని ఆ నియమాలు రాసుకున్నాను. వాటిని పరీక్షించడానికి కొంత పైథాన్ కోడు, చూపించడానికి ఒక చిన్న వెబ్ పేజీ. ఇంతే సరంజామా.

మెయిల్ వచ్చిన సాయంత్రమే గిట్‌హబ్ తెరిచి, లైసెన్సుల జాబితాలో ఎంఐటీ లైసెన్సును ఎంచుకున్నాను. అందరూ వాడేది, రెండు వందల మాటలు కూడా లేనిది. సారాంశం కూడా సులువే: ఏమైనా చేసుకో, నా పేరూ ఈ నోటీసూ మాత్రం తీసేయకు, ఏదైనా పాడైతే నాకు బాధ్యత లేదు. మొదటి వరుసలో కాపీరైట్ అని, పక్కన సంవత్సరం, పేరు పెట్టే ఖాళీలు ఉన్నాయి. సంవత్సరం కొట్టాను. పేరు కొట్టబోతూ ఆగిపోయాను. ఇదంతా నాదేనా?

ఆ ఖాళీ ముందు ఆగకపోయి ఉంటే నావి కానివి కూడా నావని చెప్పి పంచిపెట్టేవాడిని. బటన్ నొక్కకుండా ఒక తెల్లకాగితం తీసుకుని, ప్రాజెక్టులో ఉన్న ప్రతి ఫోల్డరు పేరూ రాసి, ఎదురుగా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయడం మొదలుపెట్టాను.

మొదటిది నా సొంత కోడు. అదైనా నాదేనా అంటే, నేను ఉద్యోగస్తుణ్ణి. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. నాది సొంత ల్యాప్‌టాప్, రాత్రిళ్లు చేసిన పని, కంపెనీ పనితో సంబంధం లేదు. కానీ ఆఫర్ లెటర్ తీసి చదివితే అందులో క్లాజు చట్టం కన్నా వెడల్పుగా ఉంది. ఉద్యోగంలో ఉన్న కాలంలో కంపెనీ వ్యాపారానికి సంబంధించి నేను ఏం తయారుచేసినా వాళ్లదే అన్నట్టు రాశారు. మా కంపెనీ మరో విభాగంలో టెక్స్ట్ ప్రాసెసింగ్ పని కూడా జరుగుతోంది. ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. వాళ్లు లీగల్‌కి పంపారు. లీగల్ వాళ్లు ప్రాజెక్టు లింకు అడిగి మౌనంగా ఉండిపోయారు. రెండుసార్లు గుర్తుచేశాక, మూడు వారాలకు ఒక వాక్యం వచ్చింది: ఈ ప్రాజెక్టుపై కంపెనీ ఏ హక్కూ కోరడం లేదని. ఆ మెయిల్‌ని పీడీఎఫ్ చేసి దాచుకున్నాను. ఉద్యోగం చేస్తూ సొంత ప్రాజెక్టులు రాసుకునేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ముందు ఆ కాగితం తీసి చదవండి.

రెండోది, మధ్యలో ఇద్దరు పంపిన మార్పులు. లైసెన్స్ ఉన్న రిపోజిటరీకి ఎవరైనా మార్పు పంపితే, అదే లైసెన్స్ కింద ఇచ్చినట్టని గిట్‌హబ్ నిబంధనల్లోనే ఉంటుంది. నా దగ్గర లైసెన్సే లేదాయె. కాబట్టి వాళ్ల వరుసలు వాళ్లవే. ఒకతను మెయిల్ పెట్టిన గంటలోనే ‘ఏ ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయినా సరే’ అని రాసిచ్చాడు. రెండో ఆయన జాడ లేదు. మెయిల్ తిరిగొచ్చింది, లింక్డిన్‌లో పెట్టిన సందేశం అలాగే ఉండిపోయింది. ఆయన రాసింది అరవై వరుసల ఫంక్షన్, ‘ఊరంతా’ని ఊరు, అంతా అని విడగొట్టేది. చాలా చక్కగా రాశాడు. నెల రోజులు చూసి దాన్ని తీసేశాను. మళ్లీ ఆ ఫైలు తెరవకుండా, పదో తరగతి వ్యాకరణం ముందు పెట్టుకుని ఉత్వ సంధి మొదటి నుంచి నేనే రాసుకున్నాను. నాది ఆయన దానంత వేగంగా నడవదు. బాధగానే ఉంది ఇప్పటికీ.

ఇద్దరికే ఇంత అయితే పెద్ద ప్రాజెక్టుల సంగతేంటని వెతికితే వీఎల్‌సీ కథ దొరికింది. మనందరం సినిమాలు చూసే ఆ ప్లేయరే. అది జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉండేది. యాపిల్ యాప్ స్టోర్ షరతులకూ జీపీఎల్‌కూ పొసగదని అందులో పనిచేసిన డెవలపర్ ఒకరు అభ్యంతరం చెప్పడంతో 2011 జనవరిలో ఐఫోన్ యాప్‌ని స్టోర్‌లోంచి తీసేశారు. తర్వాత ఇంజిన్ లైసెన్సు మార్చడానికి, ఎన్నో ఏళ్లుగా కోడు ఇచ్చిన నూటికి పైగా డెవలపర్లను వెతికి వెతికి ఒప్పించాల్సి వచ్చింది. 2013లో ఆ యాప్ తిరిగొచ్చింది. ఈ కథ నాకు తర్వాత ఇంకో రకంగా కూడా పనికొచ్చింది.

మూడోది నా తప్పు. పరీక్షల ఫోల్డరులో దినపత్రికల వెబ్‌సైట్ల నుంచి తీసుకున్న ఆరు వందల పేరాలు ఉన్నాయి. ఏ ఒక్క మాటకీ కాపీరైట్ ఉండదు, కానీ ఎవరో విలేఖరి కూర్చుని రాసిన పేరాకి ఉంటుంది. వాటి బదులు తెలుగు వికీపీడియా వాక్యాలు పెట్టాను. అవి క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 (పేరు చెప్పాలి, మార్చి ఇస్తే అవే షరతులతో ఇవ్వాలి అనే లైసెన్స్) కింద ఉన్నాయి కాబట్టి, వేరే ఫోల్డరులో, ఏ వ్యాసం నుంచి తీసుకున్నానో లింకులతో సహా ఉంచాను. పాతవి డిలీట్ చేస్తే సరిపోదు, ఫైళ్ల పాత రూపాలన్నీ దాచే గిట్ చరిత్రలో అలాగే ఉంటాయి. ఫిల్టర్-రెపో అనే సాధనంతో చరిత్ర మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఒక ఆదివారం దానికే పోయింది.

నాలుగోది బ్రౌన్ నిఘంటువు. మాటల పట్టీలో సగానికి పైగా అక్కడివే. బ్రౌన్ దొర 1884లో పోయారు. నేను వాడిన 1903 ముద్రణని సవరించినవారిలో ఒకరైన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919లో పోయారు. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్లతో కాపీరైట్ తీరిపోతుంది. అవి ఇప్పుడు అందరి సొత్తు. అందరి సొత్తు కాబట్టే వాటికి నేను షరతులు పెట్టడం తప్పు. ఆ మాటల్ని విడి ఫైలుగా చేసి, ‘వీటిమీద ఎవరికీ హక్కు లేదు, స్వేచ్ఛగా తీసుకోండి’ అని మాత్రం రాశాను.

ఇక ఐదోది మా మాస్టారి నోటుపుస్తకాలు.

మాది కోనసీమ. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక, ఊళ్లో మాటలు ఏరి రాయడం పెట్టుకున్నారు. ఆరు లాంగ్‌సైజు పుస్తకాలు. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, కింద ఎవరైనా వాడగా విన్న వాక్యం, ఎర్రసిరాతో. మూడేళ్ల క్రితం ఇంటికెళ్లినప్పుడు ఆయన రాసిన వ్యాసం ఒకటి నా ల్యాప్‌టాప్‌లో టైపు చేసిపెట్టాను. లోపలే ఎండిన కొబ్బరిని చెప్పే ‘కురిడీ’ కింద ఎర్రగీత. ‘దింపు’ కింద ఏం లేదు, మామూలు దింపు అనుకుంది. కానీ చెట్టెక్కి కాయలు కోసే దింపు దానికి తెలియదు. కొబ్బరికాయల పీచు తీసే ‘వలుపు’ కింద ఎర్రగీత, గోదావరి దాటించే ‘పంటు’ని ‘పంట’ అని మార్చుకోమని సలహా. ఆయన కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ వంక చూసి, ‘ఇవన్నీ తప్పులంటోందా రా ఇది?’ అన్నారు. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజే పుస్తకాలు ఆరూ చేతికిచ్చి ‘ఎక్కించు’ అన్నారు. ఫోన్‌తో ఫొటోలు తీసుకుని ఎక్కించాను. తర్వాత ఒక తెల్లకాగితం మీద ‘నేను సేకరించిన పదాలను వాడుకొనుటకు అనుమతించుచున్నాను’ అని రాసి సంతకం కూడా చేసిచ్చారు.

అది చాలనుకున్నాను. నాతో చదువుకుని ఇప్పుడు రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తున్న లాయర్ స్నేహితుడికి ఆ కాగితం వాట్సాప్‌లో పంపితే, వాడు రెండే ప్రశ్నలు అడిగాడు. ‘ఎన్నాళ్లకి? ఎక్కడెక్కడ?’

అవి రాయలేదన్నాను. అప్పుడు వాడు చెప్పింది నేను ఏ ఇంగ్లీషు గైడులోనూ చూడలేదు. మన చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఇచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు. ఆ నియమమే, తగిన మార్పులతో, 30ఏ సెక్షన్ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తుంది. అంటే మా మాస్టారి అనుమతి ఐదేళ్లలో చెల్లిపోవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువాడు వాడుకుంటే అసలు చెల్లదనే వాదనకీ చోటుంది. ‘సొంతంగా రాయకు రా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలమూ అని స్పష్టంగా రాసున్న తయారు లైసెన్సు ఏదైనా పెట్టు’ అన్నాడు. లైసెన్స్ పాఠాల్లో ఆ పొడుగాటి మాటలు ఎందుకుంటాయో నాకు అప్పుడు అర్థమైంది. ఒక్కో మాటా ఎక్కడో ఒక దేశపు చట్టానికి జవాబు.

దాంతో మాస్టారితో మళ్లీ, వివరంగా మాట్లాడాలి. ఫోన్లో కాదని ఊరెళ్లాను. అరుగు మీద కూర్చున్నాం. నేను ఒక్కో షరతూ తెలుగులో చెప్పడం, ఆయన ప్రశ్నలు వేయడం, అచ్చం క్లాసులో పాత్రలు తారుమారైనట్టు.

‘నా పేరుంటుందా?’

‘ఉంటుందండి. ఎవరు వాడుకున్నా మీ పేరు చెప్పాలి.’

‘ఎవడైనా తప్పు అర్థం రాసి నా పేరు పెడితే?’

మంచి ప్రశ్న. మార్పు చేస్తే చేశామని చెప్పాలనే షరతు అందులో ఉందని చూపించాను. తల ఊపారు.

‘అమ్ముకుంటారా?’

ఇక్కడ చాలాసేపు ఆగాం. ఎవరూ అమ్ముకోకూడదన్నది ఆయన మొదటి మాట. అలాంటి లైసెన్సూ ఉంది, వ్యాపారానికి వాడకూడదని చెప్పేది. నాకూ మొదట అదే న్యాయమనిపించింది. కానీ కాకినాడలో డీటీపీ సెంటర్ నడిపే మా బావ సంగతి చెప్పాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు కొడతాడు, పేజీకింత అని తీసుకుంటాడు. స్పెల్‌చెకర్ ఎక్కువ అవసరం అలాంటివాళ్లకే. వ్యాపారం వద్దని రాస్తే, బావ చేసేది వ్యాపారమా కాదా అనే వాదన వాళ్ల దుకాణం గుమ్మంలోకొస్తుంది. పైగా ఏ రంగంవాళ్లనీ దూరం పెట్టకూడదన్నది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే ఉంది. అలా పెట్టినదాన్ని లినక్స్ పంపిణీలు తమ ప్రధాన భాగంలోకి తీసుకోవు. మెయిల్ రాసిన మనిషికి నేను చూపించే లైసెన్సు అది కాలేదు.

‘మరి పెద్ద కంపెనీవాడు పట్టుకుపోతే?’

‘పట్టుకుపోవచ్చండి. కానీ మీ పుస్తకానికి వాడు మాటలు కలిపి బయటికి ఇస్తే, ఆ కలిపినదాన్నీ ఇవే షరతులమీద అందరికీ ఇవ్వాలి.’

‘విత్తనాలు చేబదులిచ్చినట్టు’ అన్నారు. ‘సరే, అది బావుంది.’

చివరగా ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదని చెప్పాను. అది మాత్రం రెండుసార్లు చెప్పాను, ఆయనకి పూర్తిగా తెలియకుండా సంతకం తీసుకోకూడదని. ఆయన నా వంక వింతగా చూసి, ‘ఇచ్చిన మాట వెనక్కెలా తీసుకుంటార్రా?’ అన్నారు.

క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0. మాస్టారి మాటలకి అదే ఖాయమైంది.

కోడుకి మాత్రం అది పనికిరాదు. సాఫ్ట్‌వేర్‌కి తమ లైసెన్సులు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. నా మనసు జీపీఎల్ వైపు లాగింది. ఇంజనీరింగ్ రోజుల్లో నాకు లినక్స్ ఎక్కించడం నేర్పింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్ల శిబిరంలోనే. తీసుకున్నది పంచుకోవాలన్న మాట అక్కడే చెవిన పడింది. జీపీఎల్ కింద ఉన్నదాన్ని కలుపుకుని తయారైన సాఫ్ట్‌వేర్‌ని బయటికి ఇస్తే, మొత్తం సాఫ్ట్‌వేర్‌నీ జీపీఎల్ కిందే ఇవ్వాలి. నాకు ఇష్టమే. కానీ ఇవాళ తెలుగు ఎక్కువగా ఎక్కడ టైపవుతోంది? ఫోన్ కీబోర్డుల్లో. వాటిని తయారుచేసేవాళ్లు తమ యాప్ మొత్తాన్ని జీపీఎల్ కిందకి తేవాలంటే నా ఫైలు ముట్టుకోరు. వీఎల్‌సీకి యాప్ స్టోర్‌లో ఎదురైన చిక్కు నాకూ ఎదురవుతుంది. అటు ఎంఐటీ పెడితే అందరూ తీసుకుంటారు, కానీ ఎవరో ఒకరు సంధి నియమాలు అద్భుతంగా బాగుచేసి తమ దగ్గరే దాచుకోవచ్చు. ఇంగ్లీషుకైతే అలా ఎవరో దాచుకున్నా ఇంకో పదిమంది రాస్తారు. తెలుగు ప్రత్యయాల మీద రాత్రిళ్లు కూర్చునేవాళ్లు ఎంతమంది? ఒక్కరి మెరుగుదల పోగొట్టుకున్నా మనకి నష్టమే. అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్సులో పేటెంట్ల గురించి మంచి రక్షణ ఉంది గానీ, ఈ తిరిగివ్వడం దగ్గర అదీ ఎంఐటీ లాంటిదే.

వీఎల్‌సీ ఐఫోన్ యాప్ తిరిగొచ్చినప్పుడు ఏ లైసెన్సుతో వచ్చిందో చూస్తే, జీపీఎల్‌తోపాటు మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ 2.0 కనబడింది. 2012లో వచ్చిన లైసెన్స్ అది. దాని కొలమానం ఫైలు. నా ఫైలుని మార్చి బయటికి ఇస్తే ఆ మార్చిన ఫైలుని అవే షరతులతో అందరికీ ఇవ్వాలి. పక్కనున్న మీ సొంత ఫైళ్లు మీ ఇష్టం. చదువుతుంటే నా ప్రాజెక్టు కోసమే రాశారా అనిపించింది, ఎందుకంటే నా ప్రాణమంతా ఆ ఒక్క నియమాల ఫైల్లోనే ఉంది. కీబోర్డు కంపెనీ తన యాప్ తను దాచుకోనీ. సంధి బాగుచేస్తే ఆ ఫైలు మాత్రం వెనక్కొస్తుంది. పేటెంట్ల మాటా అందులో ఉంది, జీపీఎల్ ప్రాజెక్టులతోనూ కలుస్తుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రెండూ ఉన్నది దానికిందే. రెండు రాత్రులు కూర్చుని ఆ పాఠం మొత్తం చదివాను. మూడో రోజు పొద్దున్న ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

మిగతాదంతా గుమాస్తా పని. పూర్తి పాఠాలన్నీ లైసెన్సుల ఫోల్డరులో పెట్టడం, ప్రతి ఫైలు నెత్తిన మూడు వరుసల నోటీసు అతికించడం. వెబ్ పేజీలో వాడిన మండలి ఫాంటు సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చింది కాబట్టి దాని ఫైలు దాని పక్కనే. ఏ ఫోల్డరుకి ఏ షరతో తెలుగులో ఒక పేజీ రాశాను, లాయరు కానివాళ్లకి అర్థమయ్యేలా.

మాస్టారి ఫైలుకి పేరు వరుస ఎలా ఉండాలో ఫోన్లో చదివి వినిపించాను. ‘సేకరణ’ అని, ఇంటిపేరుతో సహా ఆయన పేరు, ఊరు. అవతల కాసేపు మాట లేదు.

‘అవి నా మాటలు కావు కదరా’ అన్నారు. ‘కురిడీ, వలుపు చెప్పింది కొబ్బరి కొట్టులో ఆడవాళ్లు. పంటు మీద మాటలన్నీ దాన్ని నడిపే సరంగు చెప్పాడు. వాళ్లు చెబితే నేను రాశాను.’

ఆయన పుస్తకం తెప్పించుకుని, పేజీలు తిప్పుతూ, ఏ మాటలు ఎవరు చెప్పారో ఫోన్లో చెప్పుకుంటూ పోయారు. నేను రాసుకున్నాను. వాళ్ల పేర్లు బయటపెట్టడం వాళ్లకిష్టమో కాదో అడగాలి కదా అంటే, నేను కనుక్కుంటాలే అన్నారు. వారానికి పదకొండు పేర్లు వచ్చాయి. ‘సేకరణ’ వరుస కింద ‘చెప్పినవారు’ అని ఇంకో వరుస చేర్చి, ఆ పదకొండు పేర్లూ రాసి, ఆ రాత్రే కమిట్ చేశాను. తర్వాత ప్యాకేజీ కట్టే మనిషికి జవాబు రాశాను, ఐదు నెలలు ఆలస్యమైందని క్షమాపణతో.